పికప్ వెనక చీకటి: రివర్స్ లైటు ఎందుకు చాలదు, ఎక్కడ సరిచేయాలి

మా పికప్ వెనక బంపర్‌కి ఎడమ చివర ఇప్పటికీ ఒక సొట్ట ఉంది. టమాటా సీజన్‌లో ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి తోట దగ్గర క్రేట్లు ఎక్కించుకుందామని బండిని వెనక్కి తీస్తుంటే గట్టు పక్కన పాతిన రాతి కూసానికి తగిలింది. వేగం నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండదు. రివర్స్ లైటు వెలుగుతూనే ఉంది, మా తమ్ముడు వెనక నిలబడి రానీ, రానీ అని చెబుతూనే ఉన్నాడు, కాకపోతే వాడు కుడి పక్కన ఉన్నాడు, కూసం ఎడమ పక్కన ఉంది. రాయి కాబట్టి సొట్టతో పోయింది. ఆ చోట మనిషి కూర్చుని ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన మాత్రం చాలా రోజులు వదల్లేదు.

రాత్రిపూట మార్కెట్ యార్డు చూసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. మదనపల్లె టమాటా మార్కెట్ అయినా, గుంటూరు మిర్చి యార్డు అయినా, సరుకు దించాక పొద్దున అమ్మకం మొదలయ్యేదాకా రైతులు, హమాలీలు తువ్వాలు పరుచుకుని బస్తాల పక్కనే, క్రేట్ల వరసల మధ్యనే నడుం వాలుస్తారు. బళ్లు వెనక్కి వచ్చేది ఆ వరసల మధ్యలోకే. అందుకే ఈ విషయం మీద ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: ఎల్‌ఈడీ బల్బు వేసెయ్. నేనూ మొదట అదే చేశాను. అద్దంలో చూస్తే వెనక తెల్లగా మెరిసింది, సంతోషపడ్డాను, కానీ నేల మీద గుంత కనిపించిందా అంటే లేదు. తర్వాత మీటరు పెట్టి కొలుస్తూ, లైట్లు ఊడదీసి అటూ ఇటూ మారుస్తూ పోతే తెలిసింది, మనం రివర్స్ లైటు చాలట్లేదు అని ఒక్క మాటలో చెప్పేదానిలో వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయని. కంపెనీ ఇచ్చిన వెలుగే తక్కువ, అది ఒకటి. ఆ తక్కువ వెలుగుకి కావాల్సిన కరెంటు కూడా బల్బు దాకా సరిగా రాదు, అది ఇంకొకటి. వీటన్నిటికంటే పెద్దది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది, ఆ వెలుగు పడే చోటు వేరు, లోడుతో ఉన్నప్పుడు డ్రైవరు చూసే చోటు వేరు.

ముందు వెలుగు సంగతి. రివర్స్ లైటుకి రెండు పనులు ఉన్నాయి, బండి వెనక్కి వస్తోందని పక్కవాళ్లకి చెప్పడం, డ్రైవరుకి వెనక చూపించడం. నిబంధనలు రాసినవాళ్లు మొదటి పనికి సరిపడా గ్యారంటీ ఇచ్చి, రెండోదాన్ని చాలావరకు మన అదృష్టానికి వదిలేశారనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో రివర్స్ లైట్లకి సంబంధించినది 23వ నంబరు. దాని ప్రకారం లైటుకి నేరుగా ఎదురుగా కనీసం 80 కాండెలాల (ఒక దిక్కుకి వెళ్లే వెలుగు బలాన్ని కొలిచే లెక్క) వెలుగు ఉండాలి, లైటు ఎత్తుకి సమానంగా గానీ ఆపైకి గానీ 300 కాండెలాలు దాటకూడదు, నేల వైపుకైతే అంతకంటే ఎక్కువే ఒప్పుకుంటారు. లైట్లు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది 48వ నిబంధన చెబుతుంది, మన దేశంలో వాహన పరిశ్రమ ప్రమాణం ఏఐఎస్-008 కూడా ఆ దారిలోనే నడుస్తుంది: 6 మీటర్ల లోపు పొడవున్న బండికి ఒక్క రివర్స్ లైటు ఉంటే చాలు, రెండోది పెడితే పెట్టొచ్చు. నేల నుంచి 25 సెంటీమీటర్లకి పైన, 120 సెంటీమీటర్లకి లోపల ఉండాలి. మన దగ్గర తిరిగే బొలెరో పికప్‌లు, యోధాలు, శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్‌లు అన్నీ ఆ 6 మీటర్ల లోపలివే. కొన్ని బళ్లకి ఒక పక్క మాత్రమే తెల్ల లైటు ఎందుకు వెలుగుతుందో ఇక్కడ తెలుస్తుంది. అది రిపేరు కాదు, నిబంధనకి సరిపోయినంత ఇచ్చారు, అంతే.

80 కాండెలాలు అంటే ఎంతో ఊహకి అందదు కాబట్టి చిన్న లెక్క వేద్దాం. కాండెలాలని దూరం వర్గంతో భాగిస్తే ఆ దూరంలో ఎదురుగా నిలబడ్డ వస్తువు మీద పడే వెలుగు లక్స్‌లలో వస్తుంది. 5 మీటర్ల దగ్గర 80ని 25తో భాగిస్తే 3.2 లక్స్. ఇది నిటారుగా ఉన్న గోడ మీదో మనిషి మీదో పడే వెలుగు. నేల మీద అంత పడదు, ఎందుకంటే లైటు ముప్పావు మీటరు ఎత్తులో ఉండి కిరణం ఏటవాలుగా జారిపోతుంది, ఆ వాలు లెక్క కూడా కలిపితే అర లక్స్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. నిండు పౌర్ణమి వెన్నెల సుమారు పావు లక్స్. అంటే కనీస నిబంధనకి సరిపోయే లైటు బండికి 5 మీటర్ల వెనక నేల మీద ఇచ్చేది రెండు పౌర్ణముల వెలుగు. తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తాడు, నేల మీద గోనె కప్పుకుని పడుకున్న మనిషి కనిపించడు.

పైగా అప్పటిదాకా మన కళ్లు చూసింది ముందున్న హెడ్‌లైట్ల వెలుగుని. హెడ్‌లైట్లలో వాడే హెచ్4 రకం బల్బు డిమ్‌లో 1000 లూమెన్లు (లూమెన్లు అంటే బల్బు అన్ని వైపులకీ ఇచ్చే మొత్తం వెలుగు), బ్రైట్‌లో 1650 లూమెన్లు ఇస్తుంది. రివర్స్ లైటులో ఎక్కువగా వాడే 21 వాట్ల సింగిల్ కాంటాక్ట్ బల్బు ఇచ్చేది 460 లూమెన్లు, కొన్ని బళ్లలో వచ్చే 16 వాట్ల గుచ్చుడు బల్బు అయితే 310. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది, గేరు మార్చి అద్దంలోకి చూడ్డానికి మనం ఇచ్చేది రెండు సెకన్లు.

ఇప్పుడు కరెంటు సంగతి, దీన్ని మాత్రం ఎవరూ దాటేయొద్దు, ఎందుకంటే ఖర్చు దాదాపు లేకుండా వెలుగు పెరిగే చోటు ఇదే. ఫిలమెంటు బల్బుకి వోల్టేజి కొద్దిగా తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. వోల్టేజి తగ్గిన నిష్పత్తిని 3.4 ఘాతానికి పెంచితే వచ్చేదే వెలుగు తగ్గే లెక్క. 13.5 వోల్టుల దగ్గర 460 లూమెన్లు ఇచ్చే బల్బుకి 12 వోల్టులే అందితే వెలుగు మూడింట రెండు వంతులకి పడిపోతుంది, 11.5 అందితే సగం కంటే కాస్త ఎక్కువ మిగులుతుంది. బల్బు బాగానే ఉంది, వెలుగుతోంది, కానీ కంపెనీ ఇచ్చిన కాస్త వెలుగులో సగం వైరులోనే పోయింది. బ్యాటరీ ముందు, లైటు వెనక, మధ్యలో గేర్‌బాక్స్ మీద ఉండే రివర్స్ స్విచ్, నాలుగైదు కప్లర్లు, చివర హోల్డరు, అక్కడినుంచి బాడీ ఎర్త్. పొలంలో బురద, వాటర్ సర్వీసింగ్‌లో నీళ్లు, చేపల లోడు వేసేవాళ్లకైతే ఉప్పు నీళ్లు కూడా. ఇన్ని జాయింట్లలో ఒక్కోటి ఒక్కో పావు వోల్టు తిన్నా చాలు.

కొలవడం తేలిక. చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేయండి. మల్టీమీటరుతో బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, వెనక హోల్డరు దగ్గర ఒకసారి వోల్టేజి చూడండి. హోల్డరు దగ్గర చూసేటప్పుడు బల్బు పెట్టి, అది వెలుగుతుండగానే చూడాలి. బల్బు తీసేసి చూస్తే కరెంటు పారదు కాబట్టి తుప్పు పట్టిన వైరు కూడా నిండు వోల్టేజి చూపించి మోసం చేస్తుంది, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. రెండింటికీ తేడా అర వోల్టు లోపల ఉంటే పరవాలేదు. అంతకంటే ఎక్కువుంటే ఎర్త్ చూడండి: మీటరు ఒక తీగ హోల్డరు మెటల్‌కి, రెండోది బ్యాటరీ మైనస్‌కి పెడితే బల్బు వెలుగుతుండగా దాదాపు సున్నా రావాలి. పావు వోల్టు, అర వోల్టు వస్తోందంటే ఎర్త్ పాడైనట్టే. బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మసకగా వెలగడం, ఒక లైటు వేస్తే ఇంకోటి తగ్గడం, ఇవన్నీ ఎర్త్ లోపానికి గుర్తులు. ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు పోయేదాకా ఎమరీ పేపరుతో గీకి, కొత్త లగ్గు (వైరు చివర ఉండే రింగు) వేసి బిగించి, పైన కాస్త గ్రీజు గానీ వాసెలిన్ గానీ రాయాలి. హోల్డరు లోపల స్ప్రింగు కాంటాక్టు పచ్చగా చిలుం పట్టి ఉంటే హోల్డరే మార్చేయడం మంచిది. గాజు లోపల నల్లబడ్డ పాత బల్బు మార్చండి, లెన్సు లోపల చేరిన మట్టి కడగండి. మా బండిలో తేడా వోల్టున్నర దాటి వచ్చింది, ఎర్త్ ఒక్కటి బాగు చేశాక అదే పాత బల్బు కొత్త బల్బులా వెలిగింది.

బల్బు స్థానంలో ఎల్‌ఈడీ వేస్తే ఏమవుతుందో చూద్దాం. ఫిలమెంటు చుట్టూ అన్ని వైపులకీ వెలుగు పంచుతుంది, వెనక ఉన్న రిఫ్లెక్టరు దాన్ని పోగుచేసి ముందుకి, పక్కలకి పంపుతుంది. ఆ గిన్నె వంపు మొత్తం ఫిలమెంటు ఉండే చోటుని లెక్కలోకి తీసుకుని చేసింది. చౌక ఎల్‌ఈడీ బల్బుల్లో చిప్పులన్నీ కొసన, ముందుకి చూస్తూ ఉంటాయి, రిఫ్లెక్టరుకి వెలుగే అందదు. ఫలితంగా అద్దంలో చూసేవాడికి మధ్యలో ఒక తెల్ల చుక్క కళ్లలో గుచ్చుకుంటుంది, పక్కల నేల మునుపటికంటే చీకటిగా ఉంటుంది. నాకు జరిగింది సరిగ్గా ఇదే. కొనేటట్టయితే చిప్పులు చుట్టూ పక్కలకి చూస్తూ, ఫిలమెంటు ఉండే ఎత్తులోనే ఉన్న బల్బు చూసి తీసుకోండి, అల్యూమినియం ఒళ్లు కాస్త బరువుగా ఉండాలి, వేడి పోవడానికి అదే దారి. గుచ్చుడు రకంలో బల్బు వెలక్కపోతే పాడైందనుకోకండి, తిప్పి పెట్టండి, ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది. డబ్బా మీద రాసిన వాట్లు, లూమెన్లు నమ్మి కొనొద్దు, వీలైతే షాపులోనే మీటరు పెట్టించి ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూడమనండి. 18 వాట్లు అని రాసిన లైటు 13.5 వోల్టుల దగ్గర సుమారు 1.3 ఆంపియర్లు లాగాలి, సగం లాగితే సగమే.

ఇంకో మాట, హెడ్‌లైటు బల్బునో 50, 55 వాట్ల బల్బునో ఆ చిన్న ప్లాస్టిక్ గూడులో పెట్టించడం నేను రెండు మూడు చోట్ల చూశాను. దయచేసి వద్దు. లెన్సు కరుగుతుంది, హోల్డరు కాలుతుంది, 21 వాట్లకి వేసిన వైరు వేడెక్కుతుంది.

అసలు చిక్కు దగ్గరికి వస్తే, లోడు ఉన్న పికప్‌లో డ్రైవరు వెనక్కి ఎక్కడ చూస్తాడు? క్యాబిన్ వెనక అద్దంలోంచి కాదు, అక్కడ క్రేట్లు, బస్తాలు, పైన పట్టా ఉంటాయి. చూసేది రెండు పక్క అద్దాల్లోకి. ఆ అద్దాల్లో కనిపించేది బాడీ పక్క గోడ, వెనక చక్రం, దాని వెనక సన్నగా ఒక పట్టీ నేల. రివర్స్ లైటు ఉండేది బాడీ చివర, అదీ లోపలి వైపుకి, వెలుగు వేసేది బండికి నేరుగా వెనక్కి. అంటే లైటు పడే చోటు డ్రైవరుకి కనిపించదు, డ్రైవరు చూస్తున్న చోట లైటు పడదు. వెనక డాలా దించి ఉంటే కొన్ని బళ్లలో అది లైటుకి అడ్డం కూడా వస్తుంది. ఇది గమనించాక నాకు కూసం ఎందుకు కనిపించలేదో అర్థమైంది. అది వెనక చక్రానికి మీటరున్నర వెనక, ఒక అడుగు పక్కకి ఉంది. ఎంత పెద్ద బల్బు వేసినా ఆ చోటుకి వెలుగు వెళ్లదు.

అందుకే అదనపు లైట్లు పెట్టేటప్పుడు నేను రెండు జతలుగా ఆలోచించమంటాను. ఒక జత బంపర్ కింద, రెండు చివరలకి దగ్గరగా, వెనక్కి. రెండో జత బాడీ కింద, వెనక చక్రాలకి కాస్త ముందు, రెండు పక్కలా, వెనక్కి, కొంచెం బయటికి తిప్పి, చక్రం పక్క నేల మీద పడేలా. ఈ రెండో జత చిన్నవి అయినా చాలు, 5 నుంచి 10 వాట్లు, ఎందుకంటే వెలుగు వెళ్లాల్సింది రెండు మూడు మీటర్లే. నిజానికి ఈ పక్క లైట్లు పెట్టాక వచ్చిన తేడా వెనక లైట్లతో వచ్చినదానికంటే ఎక్కువ. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి 2015 మోడల్‌లో పక్క అద్దాలకే ఎల్‌ఈడీ స్పాట్ లైట్లు ఇచ్చారు, అంటే బండి పక్క కూడా వెలుగు కావాలని అక్కడివాళ్లకీ తోచింది.

లైటు రకం విషయంలో సన్నగా దూరం వేసే స్పాటు వద్దు, వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్డు కావాలి. వెనక్కి వచ్చేటప్పుడు మనకి దూరం అక్కర్లేదు. గంటకి 5 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 1.4 మీటర్లు, చూసి బ్రేకు మీద కాలు వేసేసరికి సెకనున్నర పట్టిందనుకుంటే బండి 2 మీటర్లు వచ్చేస్తుంది, ఆగడానికి ఇంకాస్త. 6 మీటర్ల దాకా బాగా కనిపిస్తే చాలు, కానీ అది బండి వెడల్పుకి రెండింతలు పరుచుకుని కనిపించాలి. 50 మీటర్ల అవతల చెట్టుని చూపించే లైటు పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టడానికి తప్ప పనికిరాదు.

ఎత్తు గురించి వాదనలు జరుగుతుంటాయి. క్యాబిన్ పైన, వెనక్కి తిప్పి పెట్టమని కొందరు చెబుతారు, అలా పెడితే ముందు మన లోడు మీదే పడుతుంది, పట్టా తెల్లదో నీలందో అయితే ఆ వెలుగంతా తిరిగి అద్దాల్లోకి వచ్చి కళ్లు చెదురుతాయి. దుమ్ము, మంచు ఉన్నప్పుడు ఇంకా ఇబ్బంది, ఎందుకంటే కంటికి దగ్గరగా ఉన్న లైటు వెలిగించిన దుమ్మే తెరలా అడ్డం నిలబడుతుంది. కింద పెట్టిన లైటుకి ఇంకో మేలు ఉంది, నేల మీద చిన్న రాయికి కూడా పొడుగు నీడ పడుతుంది, గుంత అంచు నల్లగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం కనిపించని మిట్టపల్లాలు సాయంత్రం ఎండలో కనిపించినట్టే. మరీ కిందకి పెడితే బురద కొట్టుకుంటుంది, రాళ్లు తగులుతాయి, ముప్పావు మీటరు దగ్గర మాకు సరిపోయింది.

వాలు సరిచేయడానికి ఒక గోడ చాలు. లైటు ముప్పావు మీటరు ఎత్తులో ఉండి దాని నడి వెలుగు 5 మీటర్ల దగ్గర నేలని తాకాలంటే మీటరుకి 15 సెంటీమీటర్ల చొప్పున దిగాలి. బండిని గోడకి 2 మీటర్ల దూరంలో నిలబెట్టి, లైటు ఎత్తుకి 30 సెంటీమీటర్ల కింద సుద్దముక్కతో గీత గీసి, వెలుగు మధ్యభాగం ఆ గీత మీద పడేలా వంచి బిగించండి. ఈ పని లోడు లేనప్పుడు ఒకసారి, లోడు వేసి ఒకసారి చూడాలి, లోడుతో వెనక భాగం దిగితే లైటు ఇంకా కిందకి చూస్తుంది. తెలుపులో కూడా నీలం కొట్టే తెలుపు కంటే 4000, 5000 కెల్విన్ల (వెలుగు రంగు ఛాయ కొలత) మధ్య ఉండే మామూలు తెలుపు ఎర్ర మట్టి మీద కంటికి హాయిగా ఉంటుంది, ఇది నా అనుభవం. కొనేటప్పుడు ఐపీ67 అని ఉందో లేదో చూడండి, మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదని దాని అర్థం, కానీ సర్వీసింగ్‌లో పంపు ప్రెషరు దానికంటే వేరు, లైటు మీదకి నేరుగా కొట్టొద్దని కుర్రాళ్లకి చెప్పండి.

వైరింగ్‌లో తొందరపడితే ఇంతసేపు చెప్పిందంతా వృథా. షాపుల్లో మామూలుగా చేసేది, టెయిల్ ల్యాంపు దగ్గర రివర్స్ వైరు గీకి, కొత్త లైట్ల వైరు చుట్టి, టేపు వేయడం. వెలుగుతుంది, ఆ రోజుకి బాగానే ఉంటుంది. కానీ 18 వాట్లవి రెండు లైట్లంటే 2.7 ఆంపియర్లు, పాత బల్బు దాదాపు 2, ఇవన్నీ కలిసి గేర్‌బాక్స్ మీది చిన్న స్విచ్ కాంటాక్టుల్లోంచి, అర చదరపు మిల్లీమీటరు వైరులోంచి రావాలి. ఆ వైరు 7 మీటర్లు ఉందనుకుంటే కొత్త లైట్ల వల్లే 0.7 వోల్టు పోతుంది. ఎల్‌ఈడీ లైట్లలో లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటే అవి తట్టుకుంటాయి, పాత బల్బు మసకబారుతుంది. స్విచ్ కాంటాక్టు కొన్నాళ్లకి కాలిపోతుంది, ఒకరోజు రివర్స్ లైటు, రివర్స్ హారను రెండూ పనిచేయవు. లైట్లని కంప్యూటరు యూనిట్ చూసుకునే కొత్త బళ్లలోనైతే ఎక్కువ కరెంటు లాగగానే అది ఆ లైనునే కట్ చేయొచ్చు.

దీనికి రిలే కావాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్. నాలుగు కాళ్ల మామూలు రిలే. బ్యాటరీ ప్లస్ నుంచి ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు వైరు తీసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే 7.5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, చాసిస్ వెంట సైలెన్సరు లేని వైపు నుంచి ఫ్లెక్సిబుల్ పైపులో వెనక్కి తెచ్చి రిలే 30వ కాలుకి ఇవ్వాలి. 87 నుంచి కొత్త లైట్లకి. 86కి రివర్స్ లైటు వైరు, 85కి ఎర్త్. ఇప్పుడు పాత రివర్స్ వైరు మోయాల్సిన అదనపు భారం రిలే కాయిల్ లాగే ఆంపియరులో ఐదో వంతు, అంతకంటే ఏమీ లేదు. కాయిల్ ఆగేటప్పుడు వచ్చే చిన్న వోల్టేజి దెబ్బ చౌక ఎల్‌ఈడీ బల్బుల్ని చంపుతుంది, డయోడ్ (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే భాగం) ఉన్న రిలే తీసుకుంటే ఆ గొడవ ఉండదు, దానికి మాత్రం 85, 86 తారుమారు కాకూడదు. ఫ్యూజు లైట్ల దగ్గర పెడితే లాభం లేదు. దారిలో వైరు చాసిస్‌కి రాసుకుని షార్ట్ అయితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా కాలేది ఆ వైరే, బండి కింద డీజిల్ ట్యాంకు ఉంటుందన్నది మర్చిపోవద్దు. ఎర్త్‌కి కూడా బాడీ రేకుని నమ్ముకోకుండా చాసిస్‌కి గీకి బిగించిన సొంత బోల్టు ఇవ్వండి.

చాలామంది దీనికి డాష్‌బోర్డులో వేరే స్విచ్ కూడా పెట్టించుకుంటారు, రాత్రి దించేటప్పుడు పనికొస్తుందని. ఆ అవసరం నిజమే, కానీ ఆ స్విచ్ ఆపడం మర్చిపోయి హైవే ఎక్కితే వెనక బైకు మీద వచ్చేవాడికి రోడ్డు కనిపించదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వెనక్కి ఎరుపు తప్ప వేరే వెలుగు చూపొద్దంటాయి, నంబరు ప్లేటు లైటు, ఇండికేటర్లు, వెనక్కి వచ్చేటప్పుడు వెలిగే తెల్ల లైటు లాంటివి మినహాయింపు. ముందుకి వెళ్తూ వెనక తెల్ల లైటు వెలిగించడానికి చట్టంలో చోటు లేదు, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి వెళ్లినప్పుడు కూడా అడుగుతారు. దించే పనికి బాడీ లోపల, లోపలికే చూసే చిన్న లైటు వేరేగా పెట్టుకోండి. వెనక లైట్లు రివర్స్ గేరుతో మాత్రమే వెలగాలి, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

కెమెరా ఉంది కదా, లైటెందుకు అని అడిగేవాళ్లు ఉన్నారు. కెమెరాకి కూడా వెలుగే కావాలి. చీకట్లో అది బొమ్మని బలవంతంగా పెంచుతుంది, తెర మీద అంతా రవ్వరవ్వగా కదులుతుంటుంది, అందులో పడుకున్న మనిషి, గోనెసంచి ఒకేలా ఉంటాయి. లైటు కెమెరాకి మరీ దగ్గరగా ఉంటే ఇంకో ఇబ్బంది, దాని గ్లేరుకి మిగతా అంతా నల్లబడుతుంది. కనీసం ఒకటిన్నర అడుగు దూరం ఉంచండి. కెమెరా అద్దం మీద మట్టి రోజూ తుడవాలని చెప్పనక్కర్లేదు.

డబ్బు అసలు పెట్టలేనివాళ్లకి ఒక సంగతి: రోజూ వెనక్కి తీసే చోట కూసాలకి, గేటు స్తంభాలకి, బావి గట్టుకి మోకాలి ఎత్తులో రిఫ్లెక్టర్ టేపు ముక్కలు అంటించండి. అది వచ్చిన వెలుగుని వచ్చిన దారికే తిప్పి పంపుతుంది కాబట్టి పాత బల్బు వెలుగుకి కూడా దాని మెరుపు అద్దంలో దొరుకుతుంది. మా కూసానికి ఇప్పుడు ఉంది.

అన్నీ బిగించాక మేము చేసిన పరీక్ష ఇది. అమావాస్య దగ్గర పడ్డ రోజు, ఊరి బయట, లోడు వేసి ఉన్న బండి. ఒక గోనెసంచిలో గడ్డి కుక్కి, పాత దుప్పటి చుట్టి, మనిషి పడుకున్నంత పొడుగు చేశాం. మా తమ్ముడు దాన్ని బండి వెనక ఒక్కో చోట పడేసి పక్కకి వెళ్లిపోతాడు, నేను సీట్లో కూర్చుని రివర్స్ వేసి, బండి కదపకుండా, అద్దాల్లో చూసి ఎక్కడుందో చెప్పాలి. పది చోట్లలో ఎనిమిది చెప్పగలిగాను. కనిపించని రెండు చోట్లూ ఎడమ చక్రానికి సరిగ్గా వెనకే. బండి దిగి, ఎడమ పక్క లైటు బోల్టు వదులు చేసి, ఒక వేలెడు లోపలికి తిప్పి మళ్లీ బిగించాం. ఒకటి కనిపించింది. రెండోది బంపర్ అంచుకి ఆనుకుని ఉన్నది, అది ఏ లైటుకీ, ఏ అద్దానికీ అందలేదు, అందుకే ఇప్పటికీ యార్డులో వెనక్కి తీసే ముందు ఒకసారి దిగి, నడిచి వెళ్లి చూసి వచ్చాకే గేరు వేస్తాను.